వెంట్రుకవాసి అంటే ఎంత?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి తొమ్మిదో తరగతి సైన్స్ పేపర్లలో ఒక సంగతి గమనించాం. బ్యాక్టీరియా గురించి అడిగినా, పరమాణువు గురించి అడిగినా చాలామంది "వెరీ వెరీ స్మాల్" అని రాసి వదిలేశారు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు "హెయిర్స్ బ్రెడ్త్", "స్ప్లిట్ సెకండ్", "నెగ్లిజిబుల్" అని రాశారు. పిల్లలు ఇలాంటి మాటలు పట్టుకోవడం నాకు సంతోషమే. కానీ ఎంత చిన్నదో, దానివల్ల ఏమవుతుందో కూడా రాస్తేనే ఇకపై పూర్తి మార్కులు.

వీటిలో నాకు ఎక్కువ భయం "నెగ్లిజిబుల్" (పట్టించుకోనక్కర్లేనంత చిన్నది) తోనే. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీలోని దహ్రాన్ దగ్గర శత్రు క్షిపణుల్ని గాల్లోనే కూల్చే అమెరికా పేట్రియాట్ వ్యవస్థ దూసుకొస్తున్న ఇరాక్ క్షిపణి స్కడ్‌ను ఆపలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆ కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. 0.1ని బైనరీలో (కంప్యూటర్ వాడే 0, 1 అంకెల లెక్కలో) సరిగ్గా రాయలేం, చివర కొంత తెగిపోతుంది. ఆ తెగిపోయింది ఒక్కోసారికి సెకనులో కోటో వంతు కూడా లేదు. ఎవరైనా నెగ్లిజిబుల్ అనే అంటారు. అయితే యంత్రాన్ని ఆపకుండా దాదాపు 100 గంటలు నడిపారు. తేడా పేరుకుని పేరుకుని 0.34 సెకన్లయింది. ఆలోపు స్కడ్ అర కిలోమీటరు దాటిపోతుంది, యంత్రం దాన్ని వేరే చోట వెతుకుతుంది. ఈ గుణకారం పిల్లల చేత నోట్సులో చేయించాం. జవాబు రాగానే క్లాసంతా నిశ్శబ్దం.

హబుల్ టెలిస్కోప్ కథా అలాంటిదే. 1990లో అంతరిక్షంలోకి పంపాక ఫొటోలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎక్కువ అరగదీశారు. 0.1 మిల్లీమీటర్ల మందం ఉన్న వెంట్రుకలో అది 50వ వంతు. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి సరిచేయాల్సి వచ్చింది.

మన ల్యాబ్‌లో ఒక పాప తన వెంట్రుకను స్క్రూ గేజ్‌లో (సన్నటి వస్తువుల మందం కొలిచే పరికరం) పెట్టి కొలిచింది. ముందు జీరో ఎర్రర్ (ఏమీ పెట్టకుండానే పరికరం చూపించే తేడా) చూసుకుంది, తర్వాత స్క్రూని మెల్లగా తిప్పింది. 0.07 మిల్లీమీటర్లు వచ్చింది. పక్కనున్న అబ్బాయిది 0.05. ఇక ఆ బెంచీలో "హెయిర్స్ బ్రెడ్త్" అని ఎవరు రాసినా, పక్కన బ్రాకెట్‌లో అంకె ఉంటోంది.

ఇంట్లో మీ పిల్లలు "జస్ట్ కొంచెమే" అంటే ఒకసారి "ఎంత?" అని అడగండి. కోప్పడినట్టు కాదు, తెలుసుకోవాలని అడిగినట్టు. మందు సిరప్ కొలిచేటప్పుడు మూత మీద గీతల్ని వాళ్లనే చదవనివ్వండి, మీరు పక్కనే ఉండి సరిచూడండి. వచ్చే శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంచుతాం. వీలైనవాళ్లు రండి, స్క్రూ గేజ్ మీకూ ఇస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు