మన సంఘం వార్షిక నివేదిక (2024–25): కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారములు. 2024 ఏప్రిల్ నుండి 2025 మార్చి వరకు జరిగిన పనుల వివరాలను నియమావళి ప్రకారం ఈ సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. కృష్ణమ్మ సంగమం దగ్గరి మడ అడవిని, అక్కడి జీవులను కాపాడుకోవాలన్న సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే.

కొత్తగా చేరినవారిలో కొందరు సంగమమంటే హంసలదీవి ఒక్కటే అనుకోవడం వల్ల జూలై సమావేశంలో పటం గీసి చూపవలసి వచ్చింది. కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి, ఒక పాయ హంసలదీవి వైపు పోగా, ప్రధాన పాయ నాగాయలంక మీదుగా దక్షిణానికి సాగి, ఎదురుమొండి, నాచుగుంట దీవుల నడుమ మళ్లీ చీలి సముద్రంలో కలుస్తుంది. కృష్ణా, బాపట్ల జిల్లాల్లో విస్తరించిన 194.81 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఈ పాయల చుట్టూ ఉప్పునీటి నేలలో పెరిగే మడ అడవిదే. ఎండాకాలంలో పైనుంచి మంచినీరు రాక, సముద్రపు పోటు నీరే పాయల్లో పైకి ఎక్కుతుంది. అడవి బాగోగులన్నీ ఈ ఉప్పు, తీపి నీళ్ల పాళ్ల మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది చేపలు పట్టి తినే అడవిపిల్లి అయిన బావురుపిల్లి ఆనవాళ్లు చూడడానికి డిసెంబరులో జరిపిన నడక. రొయ్యల చెరువుల గట్ల మీద పులిపిల్ల తిరుగుతోందన్న పుకారు లేచి, ఒక రైతు ఉచ్చు కూడా సిద్ధం చేశాడని తెలిసి, అటవీ సిబ్బంది అనుమతితో బడిపిల్లలను, ఆ రైతును వెంటబెట్టుకుని సముద్రం పాటుకు నీరు దిగే వేళకు వెళ్లాం. దారి చూపినది మన సభ్యుడైన ఒక యానాది పెద్దాయన. తడి అడుసులో గుండ్రటి అడుగు, నాలుగు వేళ్లు, వాటి ముందు సూదిమొనల్లాంటి గుర్తులు కనిపించాయి. "మామూలు పిల్లయితే గోళ్లు దాచుకునేది బాబూ, దీనికి పూర్తిగా దాచుకోవడం రాదు" అని ఆయన అన్నారు. పక్కనే పడి ఉన్న పెంటికను పుల్లతో విడదీస్తే చేప పొలుసులు, పీత పెంకు ముక్కలు బయటపడ్డాయి. వేళ్ల మధ్య కొంత పొర ఉండి, నీళ్లలోకి దూకి చేపను పట్టే ఈ జంతువును చంపడం నేరమని మేం చెప్పకముందే ఆ రైతు ఉచ్చు తీసేస్తానన్నాడు. తీసేశాడు కూడా.

గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే సముద్రపు తాబేళ్ల సంగతి ఇంత సంతోషంగా లేదు. జనవరి నుంచి మార్చి వరకు హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప తీరంలో రాత్రి కాపలాకు ఇరవై నాలుగు మంది పేర్లిచ్చారు. వరుసగా వచ్చినవారు ఐదుగురు, అందులో ముగ్గురు మత్స్యకారులు. మాఘ పౌర్ణమి స్నానాలకు వచ్చి ఫొటోలు దిగిన మన సభ్యులు ఆ రాత్రే గుడ్ల గుంటల దగ్గర ఒక గంట నిలబడి ఉంటే బాగుండేది. ఊపిరికి పైకి రాలేక వలల్లో చనిపోయి కొట్టుకొచ్చిన తాబేళ్ల విషయమై సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు లేఖ ఇచ్చాం. రసీదు మాత్రం ప్రతిసారీ ఇచ్చారు.

1977 నవంబరు 19 ఉప్పెన మృతులకు నివాళిగా నాటిన తెల్లమడ మొక్కల్లో చాలా భాగం ఎండిపోయాయి. నీరందని గట్టి నేల మీద, ఫొటోకు అనువుగా ఉందని నాటితే మరేమవుతుంది? చేపముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి రానిస్తేనే మడ బతుకుతుందని కార్యవర్గంలో నేను చెప్పిన మాట మినిట్స్‌లో ఉంది.

జమాఖర్చుల పట్టిక వేరుగా జతచేశాం. ఆడిటర్ గారు ఆమోదించారు, చందా బకాయిదారులు తమ పేర్లు అందులో చూసుకోగలరు.

పడవకు డబ్బు తీసుకోని సోదరులకు, అటవీ శాఖ వాచర్లకు, భోజనాలు వండి పంపిన మహిళా సభ్యులకు, పాఠశాల ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. వచ్చే కాపలాకు పేర్లిచ్చేవారు తేదీలతో సహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. సంఘం టార్చిలైట్లు రెండు ఇంకా ఎవరి ఇంట్లోనో ఉన్నాయి, తెచ్చి అప్పగించగలరు.

ఇట్లు,
కార్యదర్శి