ఓటుకి వచ్చేముందు ఇది చదువు బావా

మార్కాపురం,
మే 3, 2024.

ఏరా బావా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "ఎమ్మెల్యే ఎవరైతే ఏంట్రా, పైన సీఎం ఎవరు కావాలో చూసి గుద్దేయడమే కదా" అన్నావు. అప్పుడే జవాబు చెబుదామనుకున్నా. నువ్వేమో డ్యూటీకి టైమైందని పెట్టేశావు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే విషయం కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నా.

బెంగళూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చి, సెలవు పెట్టి మరీ ఓటేస్తున్నావు. పండక్కి రాకపోయినా ఓటుకి వచ్చే మనిషివి. అంత కష్టపడి వచ్చేవాడివి, బూత్‌లోకి వెళ్లేముందు ఒక గంట కూర్చుని ఇద్దరు అభ్యర్థులనీ పక్కపక్కన పెట్టి చూడవా అని నా బాధ.

నీ మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటా. మన పద్ధతిలో ఎమ్మెల్యే తన ఇష్టమొచ్చినట్టు చట్టానికి ఓటెయ్యలేడు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినప్పటి నుంచి, ఎటు ఓటెయ్యాలో పార్టీ ఆదేశం (విప్) జారీ చేస్తే దానికి ఎదురు ఓటేసినవాడి పదవికే ఎసరు. కాబట్టి రాజధాని ఏది, పెన్షన్ ఎంత, భూముల చట్టం ఉంచాలా తీసేయాలా, ఇలాంటివన్నీ పార్టీని చూసి తేల్చుకోవాల్సినవే. అక్కడ అభ్యర్థి మంచితనంతో పని లేదు. కానీ వెలిగొండ నీటి ప్రాజెక్టులో ఊళ్లు మునిగే నిర్వాసితుల గురించి అసెంబ్లీలో లేచి అడిగేదెవరు? ఒంగోలులో కలెక్టర్ ముందు కూర్చుని మన మండలాల తాగునీటి గురించి గట్టిగా మాట్లాడేదెవరు? ఇది మనిషిని బట్టే ఉంటుంది. ఈ రెండు లెక్కలనీ కలిపేస్తే ఏదీ తేలదు. నేను విడివిడిగా చూస్తున్నా, నువ్వూ అలాగే చూడు.

ముందు పార్టీల సంగతి. వైసీపీ మేనిఫెస్టో ఏప్రిల్ 27న వచ్చింది, టీడీపీ, జనసేన, బీజేపీ కూటమిది 30న. రెండూ చదివా. అత్త పెన్షన్‌తో మొదలుపెడతా, ఆవిడ అడుగుతుంది కాబట్టి. ఇప్పుడు 3,000 వస్తోంది. కూటమి 4,000 చేస్తామంటోంది, అదీ ఏప్రిల్ నుంచే లెక్కగట్టి. వైసీపీ 3,500 అంటోంది, కానీ 2028 జనవరిలో ఒక 250, 2029 జనవరిలో ఇంకో 250. అత్తకి ఏది ఎక్కువో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. కానీ రాష్ట్రంలో పెన్షన్‌దారులు సుమారు 66 లక్షల మంది. తలా వెయ్యి పెంచితే నెలకి 660 కోట్లు, ఏడాదికి దగ్గర దగ్గర 8 వేల కోట్లు. ఫిబ్రవరిలో పెట్టిన ఓటాన్ అకౌంట్ బడ్జెట్ మొత్తం 2.86 లక్షల కోట్లు. దీని పైన ప్రతి బిడ్డకీ 15 వేలు, రైతుకి 20 వేలు, ఆడవాళ్లకి నెలకి 1,500, ఉచిత బస్సు. ఇవ్వకూడదని నేననను. మన ఊళ్లో ఆ పెన్షన్ మీదే పొయ్యి వెలిగే ఇళ్లు నాకు తెలుసు. డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో చెప్పమని అడగాలి అంటున్నా. అటువైపు, ఐదేళ్లు ఇచ్చి చూపించాం అంటున్నవాళ్లని, అంత ఇచ్చాక కాలువలకీ రోడ్లకీ ఏం మిగిలిందని కూడా అడగాలి. మన పొదిలి రోడ్డు మీద బండి నడిపినవాడికెవడికైనా ఆ ప్రశ్న వస్తుంది.

మీ మరదలి విషయం నీకు తెలుసు కదా. 2004 సెప్టెంబరు తర్వాత టీచరు ఉద్యోగంలో చేరింది కాబట్టి సీపీఎస్సే, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం. 2019లో వైసీపీ వాళ్లు అధికారంలోకి వచ్చిన వారంలో దాన్ని రద్దు చేస్తామన్నారు. రద్దు కాలేదు. దాని బదులు 2023లో జీపీఎస్ చట్టం తెచ్చారు, ఆఖరి బేసిక్‌లో సగం గ్యారంటీ అని. ఇచ్చిన మాట మాత్రం అది కాదు. కూటమి ఏమో సమీక్షించి ఆమోదయోగ్యమైన పరిష్కారం చూపిస్తాం అంటోంది. ఎవరికి ఆమోదయోగ్యం? పాత పెన్షన్ తెస్తాం అని ఒక్క ముక్క రాయలేదు. టీచర్లు చాలామంది కోపంతోనే ఓటేస్తారు, అది వాళ్లిష్టం. తను మాత్రం రెండు పేజీలూ ముందు పెట్టుకుని చదివింది. వచ్చే వారం పోస్టల్ బ్యాలెట్ వేసేలోగా తేల్చుకుంటానంది.

ఇక ల్యాండ్ టైట్లింగ్ చట్టం. ఊళ్లో ఎక్కడ నలుగురు చేరినా ఇదే మాట. "మన పొలాలు లాగేసుకుంటారంట" అని ఒకరు, "అదంతా అబద్ధం, కేంద్రం చెప్పిందే చేశారు" అని ఇంకొకరు. ఇద్దరిలో ఎవరూ చట్టం చదివినట్టు లేరు. దాని సారం ఇది. భూమి హక్కులకి ఒక రిజిస్టర్ పెడతారు. అందులో ఎక్కిన పేరు మీద రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ హక్కే ఖాయం. వివాదమొస్తే టైటిల్ అధికారి దగ్గరికీ, ఆ పైన అప్పీలు అధికారి దగ్గరికీ, ఆ తర్వాత హైకోర్టుకీ వెళ్లాలి. మామూలు సివిల్ కోర్టు దారి మూసేశారు. లాయర్లు కోర్టులు బహిష్కరించింది ఇందుకే. హక్కుకి గ్యారంటీ ఇచ్చే చట్టం ఇది, నీతి ఆయోగ్ నమూనా నుంచే వచ్చింది, భూముల రీసర్వే పూర్తయ్యేదాకా అమలు చేయం అని ప్రభుత్వం అంటోంది. గెలిస్తే రద్దు చేస్తామని కూటమి అంటోంది.

నా అభిప్రాయం అడిగితే, రికార్డులు బాగుపడాలన్న ఉద్దేశం మంచిదే. తాతల నాటి తగాదాలతో ఎంతమంది నలిగిపోయారో చూశాం. కానీ రెండేళ్ల గడువు నీలాంటివాళ్లకి ప్రమాదం. మన పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాద్‌కీ బెంగళూరుకీ పనికి పోయినవాళ్లు లెక్కలేనంత మంది. ఊళ్లో రిజిస్టర్‌లో ఏ పేరు ఎక్కిందో వాళ్లకెవరు చెబుతారు? జిల్లా కోర్టు దాకా వెళ్లడానికే ఖర్చులకి వెతుక్కునే రైతు హైకోర్టుకి వెళ్లగలడా? అభ్యర్థి మన వీధికి వస్తే నేను అడిగేది ఇదే. వాళ్ల పార్టీ లైన్ ఏంటో నాకు తెలుసు. ఊళ్లో లేనివాళ్ల పొలానికి ఏం రక్షణ పెడతారో చెప్పమంటా.

సరే, మనుషుల సంగతికొద్దాం. ఈసారి మన దగ్గర పరిస్థితి వింతగా ఉంది. వైసీపీ వాళ్లు మన ఎమ్మెల్యే నాగార్జునరెడ్డి గారిని గిద్దలూరు పంపించి, గిద్దలూరు ఎమ్మెల్యే అన్నా రాంబాబు గారిని ఇక్కడ నిలబెట్టారు. అంటే ఐదేళ్ల పనిని బట్టి మార్కులేద్దామంటే, ఆ పని చేసిన మనిషి మన బ్యాలెట్‌లో లేడు! రాంబాబు గారు ఏం చేశారో తెలియాలంటే గిద్దలూరు వాళ్లని అడగాలి. 2019లో 80 వేలకి పైగా మెజారిటీ ఇచ్చిన జనం వాళ్లు. అక్కడ మీ చిన్నాన్న వాళ్లున్నారుగా, ఫోన్ చేసి అడుగు. ఆఫీసులో కలవనిస్తారా, సమస్య చెబితే మళ్లీ కబురొస్తుందా, నీళ్ల ట్యాంకర్ల బిల్లుల గురించి పట్టించుకున్నారా, అలాంటివి. టీడీపీ నుంచి కందుల నారాయణరెడ్డి గారు. ఆయన 2009లో మన దగ్గరే గెలిచారు, పోయినసారి ఓడిపోయారు. ఆయన్ని చూడాల్సిన పద్ధతి వేరు. గెలిచిన ఐదేళ్లలో ఏం చేశారన్నది ఒకటి, ఓడిపోయిన తర్వాత కూడా ఊళ్లలో తిరిగారా అన్నది ఇంకొకటి. రెండోదే నాకు ఎక్కువ చెబుతుంది. మిగతా పార్టీల వాళ్లూ, స్వతంత్రులూ ఉన్నారు. వాళ్ల కాగితాలు కూడా చూడు.

కాగితాలంటే ఫారం 26, నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్. సుప్రీంకోర్టు 2002లో చెప్పబట్టి ఓటరుకి ఈ హక్కు వచ్చింది. ఎన్నికల సంఘం 'నో యువర్ క్యాండిడేట్' యాప్‌లో ఎవరిదైనా తెరిచి చూడొచ్చు. అందరూ ఆస్తి మొత్తం చూసి నోరెళ్లబెట్టి మూసేస్తారు. అక్కడ ఆగకు. పోయిన ఎన్నికల్లో ఇచ్చిన అఫిడవిట్ కూడా తీసి పక్కన పెట్టు. ఏం పెరిగింది, అప్పులెంత, ప్రభుత్వానికి బకాయిలున్నాయా, ఐదేళ్ల ఆదాయం ఎంత చూపించారు, ఈ నాలుగూ కలిసి నప్పుతున్నాయా చూడు. కేసుల దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టు. ధర్నా చేస్తే పెట్టిన కేసూ, మనిషిని కొట్టిన కేసూ ఒకటి కావు. ఏ సెక్షన్ కింద, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్నది అక్కడే ఉంటుంది. కేసులున్నవాళ్లు ప్రచారం ముగిసేలోగా మూడుసార్లు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. ఈ వారం పేపర్లలో లోపలి పేజీలు చూడు. అలాంటివాళ్లకి టికెట్ ఎందుకిచ్చారో పార్టీ కూడా చెప్పాలి. గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే చెల్లదని సుప్రీంకోర్టు 2020లోనే అంది.

ఇంకొకటి, పార్టీలు మారడం. మన చుట్టుపక్కల నియోజకవర్గాల్లో ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలో కూర్చున్నవాళ్లని చూశాం, ఓడాక మారినవాళ్లనీ చూశాం. నువ్వు సీఎంని చూసే ఓటేస్తానంటున్నావు కదా. నువ్వేసిన ఎమ్మెల్యే రెండేళ్లకి అవతలి వైపు వెళ్తే నీ ఓటు ఎక్కడికి పోయినట్టు? కనీసం అందుకైనా మనిషిని చూడాలి.

ఇప్పుడు నాకన్నిటికన్నా ముఖ్యమైంది, వెలిగొండ. 1996లో ఒకసారి శంకుస్థాపన, 2004లో పనులు మొదలు. అప్పటికి మనం నిక్కర్లేసుకుని తిరుగుతున్నాం. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో, ఎన్ని గడువులు పోయాయో. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీళ్లు, 4.47 లక్షల ఎకరాలు, మూడు జిల్లాలకి తాగునీరు. ఒక్కో సొరంగం 18.8 కిలోమీటర్లు, నల్లమల కొండ కింద తవ్వారు. అదేం చిన్న పని కాదు, చేసినవాళ్లకి దండం పెట్టాలి. ఈ మార్చి 6న ముఖ్యమంత్రి జగన్ గారు రెండు సొరంగాలనీ జాతికి అంకితం చేశారు. నీళ్లు మాత్రం రాలేదు. ముంపు ఊళ్ల వాళ్లకి ప్యాకేజీ ఇచ్చి ఖాళీ చేయించకుండా నల్లమల సాగర్ రిజర్వాయర్‌లో నీళ్లు నింపలేరు. సొరంగం పూర్తయితే ప్రాజెక్టు పూర్తయినట్టా? ఇళ్లు, పొలాలు వదులుకోవాల్సిన ఆ కుటుంబాలు ఇరవై ఏళ్లుగా కొత్త ఇల్లు కట్టుకోలేకా, పాతది బాగు చేసుకోలేకా ఉన్నాయి. మన నాన్నల మోకాళ్లు ఫ్లోరైడ్ నీళ్లకి వంగిపోయాయి. ఇది ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఒక్క వాక్యంతో అయిపోయే విషయం కాదు.

అందుకని మేం కొందరం కలిసి ప్రచారానికొచ్చే ప్రతి అభ్యర్థినీ అడుగుదామనుకున్నాం. నిర్వాసితుల డబ్బు ఏ ఏడాది బడ్జెట్‌లో పెట్టిస్తారు? డబ్బు ముందా, నీళ్లు ముందా? పెట్టకపోతే సొంత ప్రభుత్వాన్ని అసెంబ్లీలో అడుగుతారా? మొదటి రెండిటికీ ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు. మూడోదానికి ఆ మనిషి మొహం చూడాలి. జిల్లా సంగతి కూడా అంతే. 2022లో 26 జిల్లాలు చేసినప్పుడు మనల్ని వదిలేశారు. చంద్రబాబు గారు మార్కాపురం జిల్లా చేస్తామని మాటిచ్చారు, వైసీపీ అభ్యర్థి దీనికేమంటారో వినాలి. నాకు జిల్లా కావాలి, గిద్దలూరు అవతలి ఊళ్ల నుంచి ఒంగోలు పోయి రావడమంటే రోజంతా పోతుంది. కానీ జిల్లా బోర్డు ఒకవైపు, నీళ్లు ఒకవైపు పెడితే నేను నీళ్లే అడుగుతా.

డబ్బులు పంచేవాళ్లు వస్తారు, నీకు తెలుసు. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితి చట్టం ప్రకారం 40 లక్షలు. మన నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షలకి పైనే. ఇంటింటికీ వేల రూపాయలిస్తే ఆ లెక్క ఎక్కడ సరిపోతుందో నువ్వే ఆలోచించు. అంత పెట్టినవాడు ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడో కూడా.

నేనెవరికి వేస్తానో ఇందులో రాయడం లేదు. రాస్తే నువ్వు నా మీద నమ్మకంతో వేసేస్తావు, అది నాకిష్టం లేదు. నువ్వు నీ కాగితం తయారుచేసుకో, నేను నాది. ఊళ్లో కూర్చుని రెండూ పోల్చుకుందాం. తేడా వస్తే వాదించుకుందాం, మనకేం కొత్తా.

పోలింగ్ 13వ తారీఖు సోమవారం, కాబట్టి శనివారం రాత్రి బస్సు ఎక్కితే ఆదివారం పొద్దున్నకి దిగుతావు. టికెట్లు ఇప్పుడే చూసుకో, ఆ రెండు రోజులూ బస్సులు కిటకిటలాడతాయి. ఓటరు స్లిప్పు మీ ఇంట్లో ఇచ్చినట్టున్నారు, అత్తని అడిగి ఉంచమంటా. అయినా ఓటరు కార్డో ఆధారో నీ దగ్గర పెట్టుకో, స్లిప్పు ఒక్కటే చూపిస్తే వెయ్యనివ్వరు. గిద్దలూరు మీ చిన్నాన్న ఏమన్నాడో తెలిశాక ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది దాటాక అయితే తీరిగ్గా ఉంటా.

నీ
బావ