జర్మనీ విదేశాంగ మంత్రికి ఒక విశాఖ ఇంజినీరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నాది విశాఖపట్నం. పద్నాలుగేళ్లుగా ష్టుట్‌గార్ట్ దగ్గర ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీలో పనిచేస్తున్నాను. ఈ ఉత్తరాన్ని జర్మన్‌లో రాసి మీ కార్యాలయానికి పంపాను. తెలుగులోనూ ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడి ఫ్యాక్టరీల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్న మనవాళ్లు కూడా చదివి, తమ దగ్గర ఈ మాట ఎత్తుతారని.

అడగదలుచుకున్నది ఒక్కటే. జర్మనీలో, రష్యాలో వ్యాపారాల్లో ఇప్పుడిప్పుడే పైకొస్తున్న కుర్రవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారి ఒక్కటైనా తెరిచి ఉంచండి. ఆంక్షలు ఎత్తేయమని అడగడం లేదు, రష్యా గ్యాస్ మళ్లీ కొనమనీ అడగడం లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడటం అన్యాయం. అందులో నాకు రెండో మాట లేదు.

ఆ ఏడాది మార్చిలో మా షెడ్డులో ఆరు పెద్ద చెక్కపెట్టెలు ఉండేవి. రష్యాలో ఒక డెయిరీకి వెళ్లాల్సిన యంత్రం. పెట్టెల మీద నల్లరంగుతో రష్యన్ అక్షరాల్లో చిరునామా. లారీ రాలేదు, డబ్బు బ్యాంకులో ఆగిపోయింది. వేసవి దాకా వాటి పక్కనుంచే క్యాంటీన్‌కి వెళ్లొచ్చేవాళ్లం. ఒక రోజు స్టోర్స్ చూసే ఆయన గరుకు కాగితం పట్టుకుని ఆ అక్షరాలన్నీ గీకేశాడు. యంత్రం వేరే దేశానికి అమ్ముడుపోయింది.

డెయిరీ తరఫున మాతో మాట్లాడిన అమ్మాయికి ముప్ఫై నిండలేదు. జర్మనీలోనే చదువుకుంది. ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లయినా ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఆమె చివరి మెయిల్‌లో యంత్రం ఊసే లేదు. మా ఇంట్లో పుట్టిన బిడ్డ ఎలా ఉందని అడిగింది. జవాబివ్వొచ్చా అని కంపెనీ లాయరుని అడిగితే కొన్నాళ్లు ఆగమన్నాడు. ఆగాను. ఆ తర్వాత ఇక రాయలేకపోయాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

రెండు దేశాల మధ్య తెగిపోయింది నిన్నమొన్నటి బంధం కాదు. జర్మన్ కంపెనీ సీమెన్స్ 1850లలోనే రష్యాలో టెలిగ్రాఫ్ తీగలు వేసింది. 2022 మేలో అక్కడి నుంచి వెళ్లిపోతున్నానని ప్రకటించింది. రష్యాలోని కలూగాలో 2007లో తెరిచిన కార్ల ఫ్యాక్టరీని ఫోక్స్‌వాగన్ 2023లో అమ్మేసుకుంది. 2012లో రెండు దేశాల వ్యాపారం సుమారు 8,000 కోట్ల యూరోలు. 2024 నాటికి వెయ్యి కోట్లకు లోపే. లెక్కలు మళ్లీ పెరగొచ్చు, పెరగకపోవచ్చు. నా బాధ లెక్కల గురించి కాదు. అవతలివాడి భాష, అలవాట్లు, భయాలు తెలిసిన మనుషులు రెండు వైపులా తరిగిపోతున్నారు. నలభై దాటిన మా తరంలో ఇంకా కొందరున్నారు. పాతికేళ్ల వాళ్లలో ఎవరూ తయారు కావడం లేదు.

ఇదివరకు సంభాషణలు జరగలేదా అంటే, జరిగాయి. 2001లో పుతిన్, అప్పటి జర్మనీ ఛాన్సలర్ ష్రోడర్ కలిసి పీటర్స్‌బర్గ్ డైలాగ్ అనే చర్చావేదిక మొదలుపెట్టారు. చివరికి దాన్ని మూసేశారు, ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నా అభిప్రాయంలో అలాంటి వేదికల్లో అసలు బరువంతా గ్యాస్‌దీ, పెద్ద కంపెనీలదీ. యువత కూరలో కరివేపాకు. 2021 నాటికి జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యా నుంచే వచ్చేది. అంతగా చిక్కుకున్నవాడు ఎదుటివాడిని గట్టిగా ఏ ప్రశ్న అడగగలడు?

అందుకే పాత పద్ధతి వద్దు. రష్యా ప్రభుత్వంతో కలిసి ఏదీ పెట్టొద్దు. 2021 మేలో ఆ ప్రభుత్వం మూడు జర్మన్ సంస్థలకు "అవాంఛనీయ" ముద్ర వేసింది. అలాంటి సంస్థతో కలిసి పనిచేసిన రష్యన్ పౌరుడి మీద కేసు పెట్టొచ్చు. కాబట్టి గ్రూపు ఫొటోలు, పేర్ల జాబితాలు, వేదిక మీద బ్యానర్లు ఏవీ ఉండకూడదు. పదిహేను ఇరవై మంది, చిన్న కంపెనీల వాళ్లు, రష్యన్లు వీసా లేకుండా వెళ్లగలిగే అర్మేనియాలోని యెరెవాన్‌లోనో, కజకిస్తాన్‌లోని అల్మాటీలోనో, ఇస్తాంబుల్‌లోనో నాలుగు రోజులు కూర్చోవాలి. యుద్ధానికి సరుకు అందించే కంపెనీల వాళ్లకు చోటు లేదు. దేశం వదిలి బెర్లిన్ వచ్చేసిన రష్యన్ కుర్రవాళ్లనూ కలుపుకోవాలి. అక్కడివాళ్లతో వాళ్లకున్న తీగ ఇంకా పూర్తిగా తెగలేదు.

మా ఆఫీసులో నా పక్క సీటు అతనిది ఉక్రెయిన్‌లోని ఖార్కివ్. ఈ ఉత్తరం మొదట అతనికే చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పిలవండి. కానీ వచ్చిన రష్యన్లను, మీ కంపెనీ కట్టే పన్ను ఎటు పోతోంది అని మొదటి రోజే అడగండి. ఆ ప్రశ్న అడిగేవాళ్లలో మావాళ్లు ఉండాలి." అతను చెప్పింది నాకు న్యాయంగా తోచింది. ఉక్రెయిన్ కుర్రవాళ్లు రావాలనుకుంటే మొదటి కుర్చీ వాళ్లదే. రామంటే వాళ్ల ప్రశ్నలు రాతపూర్వకంగా తీసుకుని మొదటి రోజే చదివించాలి.

మీకు దారి కొత్తది కాదు. 1963 జనవరి 22న జర్మనీ ఛాన్సలర్ ఆడెనావర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు, అదే ఏడాది రెండు దేశాల యువజన సంస్థ పుట్టింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 18 ఏళ్లు. ఓడిపోయిన జర్మనీ తన తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాక కుదిరిన పని అది. నేటి రష్యా ఆ దరిదాపుల్లో లేదు. అందుకే నేనడిగేది అంత పెద్దది కాదు. అలాంటి రోజు వచ్చేసరికి పిలిస్తే పలికే మనుషులు కొందరైనా మిగలాలని.

మా నాన్న విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. దాన్ని సోవియట్ సహకారంతో కట్టారు. భిలాయ్ సోవియట్‌లు, రూర్కెలా పశ్చిమ జర్మన్లు కట్టించి ఇచ్చినవి. రష్యన్ ఇంజినీరు దగ్గర నేర్చుకున్న పదీ పదిహేను మాటలు నాన్నకు ఇప్పటికీ గుర్తే. పని చేస్తూ నేర్చుకున్న మాట అంత తొందరగా పోదని ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

ఈ ఏడాది బడ్జెట్‌లో ఒక్క సమావేశానికి సరిపడా డబ్బు కేటాయించండి. దానికి నేను సెలవు పెట్టి, నా ఖర్చులతోనే వస్తాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ష్టుట్‌గార్ట్ దగ్గర స్థిరపడిన ఒక విశాఖ ఇంజినీరు