మా క్రెష్‌కి మూడు నెలలు: అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నిజాంపేటలో మా ఇంటి ముందుగదిలో, పనికెళ్లే తల్లుల పిల్లల్ని పగలు చూసుకునే క్రెష్ మొదలుపెట్టి నిన్నటికి మూడు నెలలు. ఈ నాలుగు ముక్కలు ఎప్పుడో రాయాల్సింది, పిల్లలతో తీరిక దొరకలేదు.

దిగేటప్పుడు నా దగ్గరున్నది 18 వేలు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు లోను 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారని ఒక బ్యాంకుకి వెళ్తే, "పిల్లల్ని ఆడించడం కూడా బిజినెస్సేనా అమ్మా?" అని నవ్వారు. మా పొదుపు సంఘం అక్కలు నవ్వలేదు. తమ వంతు వెనక్కి జరుపుకుని నాకు 20 వేలు ముందు ఇప్పించారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

వెల్డింగ్ షాపు అన్నా, నేను బొమ్మలూ రంగుల చాపలూ అంటూ లెక్కలేసుకుంటుంటే, మీరు బాల్కనీ గ్రిల్‌ సందులో చెయ్యి పెట్టి చూసి "మేడమ్, ముందు ఇది" అన్నారు. అడ్డ చువ్వలైతే పిల్లలు ఎక్కేస్తారని అన్నీ నిలువుగానే, దగ్గర దగ్గరగా వేశారు. ఇనుము ఖర్చు తప్ప కూలి ముట్టుకోలేదు. బొమ్మలదేముంది, ఎర్రగడ్డ సండే మార్కెట్లో బేరమాడి తెచ్చి సబ్బునీళ్లలో కడిగాను.

పక్కవీధి అంగన్‌వాడీ టీచరమ్మగారూ, నేను పదిమందిని చేర్చుకుందామనుకున్నా. "ఒక్కదానివే ఉన్నావు. ఏదన్నా జరిగితే ఎందరిని పట్టుకుని మెట్లు దిగగలవు?" అని ఐదుగురి దగ్గర ఆపేశారు. తిన్నదెంత, పడుకున్నదెంతసేపు, విరేచనం ఎన్నిసార్లు అని నోట్‌బుక్కులో పిల్లకో పేజీ గీసిచ్చారు. సాయంత్రం తల్లులు చెప్పులు విప్పకముందే ఆ పుస్తకం అడుగుతున్నారు.

పై అంతస్తు చెల్లీ, మొదట నమ్మింది నువ్వే. నీ 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయింది. క్రెష్ పెట్టాలన్న చట్టం 50 మంది, ఆపైన పనిచేసే చోట్లకే, మీ ఆఫీసులో ఉన్నది 12 మంది. పాపని నా చేతిలో పెట్టి మెట్ల మీద పావుగంట నిలబడ్డావు, నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నా. నువ్విచ్చిన అడ్వాన్సుతోనే మంటలార్పే సిలిండరు కొన్నాను.

ఇంకొకటి. మొదటి వారంలో ఎవరో మా గుమ్మం ముందు చెక్క ఉయ్యాల పెట్టి, పేరు చెప్పకుండా వెళ్లిపోయారు. మీరెవరైనా సరే, ఒకసారి వచ్చి అందులో ఎవరు పడుకుంటున్నారో చూడండి. ఒంటిగంటన్నర నుంచి మూడు మధ్యలో వస్తే మాత్రం దయచేసి బెల్లు కొట్టకండి.