సూది లేకపోయినా కరెంటు కరెంటే

సంపాదకులు గారికి,

గుంటూరులో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, పార్లర్ల బోర్డుల మీద ‘సూది లేని మీసోథెరపీ’ అని కనిపిస్తోంది. మీసోథెరపీ అంటే సన్న సూదులతో చర్మంలోకి మందు ఎక్కించడం. ముఖానికి సీరం రాసి, పైన కరెంటు ప్రోబ్ తిప్పితే మందు చర్మంలోకి దిగుతుందంటున్నారు. దిగుతుంది, నిజమే. కానీ సూది లేదు కాబట్టి భయమే లేదనడం ఘోరం.

వీటిలో కొన్నిచోట్ల వాడేది అయాంటోఫోరెసిస్, అంటే సన్నని కరెంటుతో మందును చర్మంలోకి పంపే పద్ధతి. మా వృత్తికి పాతదే. మైనస్ చార్జి ఉన్న మందును కరెంటు ఇచ్చే మైనస్ ప్యాడ్ కింద పెడితే కరెంటు దాన్ని లోపలికి నెడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫాన్ లెడుక్ 20వ శతాబ్దం మొదట్లో కుందేళ్ల మీద దీన్ని రుజువు చేశాడు. ప్యాడ్‌లోని విషం చర్మం గుండా వెళ్లి వాటిని చంపింది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే ఏమీ కాలేదు. అంత పనిచేసే పద్ధతి ఇది. అరచేతులకు విపరీతంగా చెమట పట్టేవాళ్లకు కుళాయి నీళ్లలో చేతులు పెట్టించి మేమూ ఇదే కరెంటు ఇస్తాం. పరీక్షలో ఓఎంఆర్ షీటు తడిసిపోతోందని ఏడుస్తూ వచ్చిన ఇంటర్ పిల్లలకు దీనితో ఎంత ఊరటో కళ్లారా చూశాను. అందుకే ఇది చెడ్డపేరు తెచ్చుకుంటుంటే బాధేస్తోంది.

ఈ మధ్య ఒకావిడ ఇలాంటి పార్లర్‌కు వెళ్లి, దవడ కింద రూపాయి బిళ్లంత కాలిన మచ్చతో వచ్చింది. అక్కడ అంతకుముందే చిదిమిన మొటిమ పుండు ఉందట. చర్మం తెగిన చోట అడ్డు తక్కువ, కరెంటు అక్కడికే పరుగెడుతుంది. పైగా మైనస్ ప్యాడ్ కింద క్షారం పుడుతుంది, అదీ కాలుస్తుంది. చురుక్కుమంటోందని ఆవిడ చెబితే, “కాస్త ఓర్చుకోండక్కా, పనిచేస్తున్నట్టే” అన్నారట! మందు పంపడానికి మామూలుగా 4 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వం. చురుక్కుమన్న వెంటనే తగ్గించాలి, అవసరమైతే ఆపేయాలి.

ఆవిడను గుండెలో పేస్‌మేకర్ ఉందా, గర్భవతివా, మూర్ఛ ఉందా అని ఎవరూ అడగలేదు. మెడలో గొలుసు కూడా తీయించలేదు. సీసాలో ఏముందో ఇప్పటికీ ఆవిడకు తెలియదు. ఇంకో మాట, చర్మానికి తేమ కోసం సీరంలలో కలిపే హయాలురోనిక్ యాసిడ్ లాంటి పెద్ద అణువులు ఇంత చిన్న కరెంటుకు లోతుగా దిగవు. వేలకు వేలు కట్టేవాళ్లకు ఇదీ చెప్పాలి.

జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను. కరెంటుతో మందు ఎక్కించే ప్రతి చోటా శిక్షణ పొందిన మనిషి ఉండేలా, ముందుగా ఈ ప్రశ్నలు అడిగి సంతకం తీసుకునేలా, సీసా పేరు రాసిచ్చేలా చూడండి. వచ్చే పెళ్లి ముహూర్తాల లోపే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఒకసారి ఆ సీసాలు తనిఖీ చేయాలి.

– ఒక ఫిజియోథెరపిస్ట్, గుంటూరు