పద్దెనిమిది నిండిన బిడ్డ తరఫున సంతకం ఎవరిది? ఆరు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు జిల్లాల కలెక్టర్ గార్లకు నమస్కారం.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు నిండాయంటే వాళ్ల తరఫున తల్లిదండ్రులు పెట్టే సంతకం ఇక చెల్లదు. ఈ సంగతి చాలా ఇళ్లల్లో బ్యాంకు కౌంటర్ దగ్గరికి పోయాకే తెలుస్తుంది. మైనర్ ఖాతాను మార్చాలి, ఖాతాదారే సంతకం పెట్టాలి. అతను పెట్టలేడు. వేలిముద్ర వేయించినా ఆ కాగితంలో ఏముందో అతనికి అర్థం కాదు. "కోర్టు ఆర్డర్ తెండి" అంటారు మేనేజర్. గడువు తీరిన డిపాజిట్ అట్లనే ఉండిపోతుంది.

ఈ నాలుగు వైకల్యాలకు కోర్టు దాకా పోనక్కర్లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం మీరు, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి కలిసిన స్థానిక స్థాయి కమిటీ ఇచ్చే గార్డియన్ సర్టిఫికెట్ చాలు. దాని మీద ఖాతా తెరవచ్చని రిజర్వ్ బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. జిల్లా బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్ ద్వారా ఆ సర్క్యులర్ కాపీ ప్రతి బ్రాంచికి మళ్లీ పంపించండి.

కనీసం మూడు నెలలకోసారి కమిటీ కూర్చోవాలని చట్టమే చెబుతోంది. ఆ తేదీలను ఏడాది మొదట్లోనే ప్రకటించండి. జిల్లా విడిపోయి ఇన్నేళ్లయినా ములుగు, భూపాలపల్లి వాళ్లకు పనిబడితే హనుమకొండ బస్సెక్కడమే అలవాటు. ఏ జిల్లా దరఖాస్తు ఆ జిల్లా కమిటీకేనని ప్రజావాణి కౌంటర్ దగ్గరే చెప్పించండి. మేధో వైకల్య సర్టిఫికెట్‌ను 18 ఏళ్లప్పుడు మళ్లీ తీసుకోవాలి, అది జీవితకాలం చెల్లుతుంది. ఆ వైకల్య నిర్ధారణ శిబిరంలోనే గార్డియన్ దరఖాస్తు అయిన ఫారం-ఏ కూడా నింపిస్తే ఒక తిరుగుడు తప్పుతుంది.

అలాగని అందరికీ గార్డియన్‌ను పెట్టేయకండి. గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు అన్నది కమిటీ తేల్చాలి. సొంతంగా డబ్బు లెక్క చూసుకోగల యువతి సంతకాన్ని అన్నదమ్ముల చేతికి అప్పగించడం సాయం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరిమిత గార్డియన్‌షిప్ (ఫలానా పనికి, కొంతకాలానికే) అన్నది అందుకే.

అసలు చిక్కు భూమి దగ్గర. తండ్రి పోయాక ఫౌతీకి, అంటే భూమిని వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి, పెట్టుకునేటప్పుడు వారసుల జాబితాలో ఈ బిడ్డ పేరు రాయకుండా వదిలేస్తారు. "ఎట్లాగూ మేమే చూసుకుంటం కదా" అంటారు. చాలాసార్లు దురుద్దేశం ఉండదు, భూమి మాత్రం పోతుంది. వైకల్యం వారసత్వానికి అడ్డు కాదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఇంట్లో వైకల్య సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని తహసీల్దార్లు ఫౌతీ విచారణలో తప్పకుండా అడగాలి.

సర్టిఫికెట్ ఇచ్చి మరిచిపోవడం ఇంకో లోపం. నియామకమైన ఆరు నెలల్లో గార్డియన్ ఆస్తులు, అప్పుల జాబితా ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ 30 లోపు, ఏటా లెక్క చూపాలి. మే నెలలో మీ ఆఫీసు నుంచి ఒక ఎస్ఎంఎస్ పోతే ఆ లెక్కలు వస్తాయి.

సర్టిఫికెట్‌తో పాటు కుటుంబాలకు ఒక పేజీ కరపత్రం ఇవ్వండి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాడని, అందుకే వీలునామా గానీ ప్రైవేటు ట్రస్టు గానీ అవసరమని అందులో ఉండాలి. పీఎఫ్ పింఛను పథకంలో ఉన్న సభ్యులు చనిపోతే, శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పనిలేకుండా పింఛను వస్తుందని రాయండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల ఆరోగ్య బీమాకు ముందస్తు వైద్య పరీక్షలు లేవనీ, ఏటా రెన్యువల్ చేసుకోకపోతే ఆగిపోతుందనీ చేర్చండి.

కమిటీ తొలి తేదీని వచ్చే సోమవారం ప్రజావాణిలో ప్రకటించగలరా?

ఇట్లు,
ఉమ్మడి వరంగల్‌లో గార్డియన్‌షిప్ దరఖాస్తులకు తోడ్పడే కార్యకర్తలం