నాన్నగారికి, ఈ ఏడాది విన్న పాటల గురించి

బ్రూక్లిన్,
28 డిసెంబరు 2019

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమం. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది, చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. వేళకు తింటున్నానని అమ్మకు చెప్పండి. సెలవు రోజుల్లో ఒక చిన్న పత్రికకు యూదుల సంగీతం మీద రాస్తున్నానంటే, వాళ్ల పాటలతో నీకేం పని అన్నారు కదా, ఈ ఏడాది నాకు బాగా నచ్చిన మూడు రికార్డుల సంగతి విన్నాక మళ్లీ ఆ మాట అనండి.

మొదటిది పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే మీకోసమే. ఈ ఊరి క్లారినెట్ విద్వాంసుడు మైకేల్ వినోగ్రాడ్ చేసిన 'కోషర్ స్టైల్'. తూర్పు యూరప్ యూదుల పెళ్లిళ్లలో పుట్టిన క్లెజ్మర్ బాణీకి, 1920లలో నఫ్తులె బ్రాండ్వైన్, డేవ్ టారస్ వంటి వలసవచ్చిన క్లారినెట్ వాళ్లు న్యూయార్క్‌లో ఇచ్చిన రికార్డులే నేటికీ పాఠ్యపుస్తకాలు. వినోగ్రాడ్ వాటిని అప్పజెప్పకుండా తాను కట్టిన వరుసలు వాయించాడు. వాళ్లు ఎక్కువగా వాడే ఒక స్వరక్రమంలో శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం వస్తాయి. వకుళాభరణ రాగమని మీరీపాటికే పట్టేసి ఉంటారు. స్వరాన్ని సాగదీసి, చివర వెక్కిపడినట్టు చటుక్కున తెంపే ఒక గమకం ఉంది. వాళ్ల పెళ్లిళ్లలోనూ తంతుకు ముందు పెళ్లికూతురిని కూర్చోబెట్టి కంటతడి పెట్టించే ఘట్టం ఉండేదట. మీరు అప్పగింతలప్పుడు వాయించేది గుర్తొచ్చి, ఆ రికార్డు విన్న రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

రెండోది ఆ-వా అనే ముగ్గురు అక్కచెల్లెళ్లది, పేరు 'బైతీ ఫీ రాసీ'. 1949లో యెమెన్ నుంచి ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన తమ ముత్తవ్వ రాచెల్ కథను యెమెనీ అరబ్బీలో పాడారు. ఇల్లెక్కడ వేసుకోవాలని అడిగితే, ప్రస్తుతానికి గుడారం ఉంది కదా అని జవాబు వచ్చే పాట ఒకటుంది, అది విన్నవారికి మిగతాది వివరించనక్కర్లేదు. హిప్ హాప్ దరువు కొన్నిచోట్ల మాటలను మింగేసిందని రాశాను. ఇది మాత్రం అమ్మకు వినిపించకండి, నా గురించే అనుకుంటుంది. నేను గుడారంలో లేను, గదిలో హీటరు బాగానే పనిచేస్తోంది, సంక్రాంతికి రాలేకపోవడానికి కారణం సెలవు దొరకకపోవడమే.

మూడోది ఇజ్రాయెల్ గాయకుడు దూదూ తస్సా చేసిన 'ఎల్ హజర్'. అతని తాత దావూద్ అల్-కువైతీ, తాతకు అన్న సాలెహ్, ఇద్దరూ కువైత్‌లో పుట్టి బాగ్దాద్‌లో సంగీతకారులుగా పేరు తెచ్చుకున్నారు. 1936లో ఇరాక్ రేడియో వాద్యబృందాన్ని నిలబెట్టింది వాళ్లే. 1951లో ఇజ్రాయెల్ చేరాక, అక్కడ అరబ్బీ పాటకు విలువ లేక, టెల్ అవీవ్‌లో ఇంటి సామాన్ల దుకాణం పెట్టుకున్నారు. ఇరాక్‌లోనేమో తరువాతి పాలకులు వాళ్ల పేర్లు తీసేసి, ఆ పాటలు జానపదాలని చెప్పుకున్నారు. దావూద్ తన పిల్లలను సంగీతం జోలికి పోనివ్వలేదని అంటారు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1977లో పుట్టిన మనవడు, ఇప్పుడు ఆ పాటలనే గిటారు, డ్రమ్ములతో పాడుతున్నాడు. ఈ మూడింటిలో నేను మొదటి స్థానం ఇచ్చింది దీనికే, పత్రిక సంపాదకుడు వినోగ్రాడ్‌కే ఇవ్వమన్నా వినలేదు.

నాకు క్లారినెట్ నేర్పలేదని ఎన్నడూ మిమ్మల్ని నిందించలేదు నాన్నగారూ. మూఢాల్లో, ఆషాఢంలో మన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో నేను చూశాను. చెల్లాయి కొడుకు మీ వాయిద్యం అడుగుతున్నాడనీ, మీరు చదువుకోమని పంపేస్తున్నారనీ ఫోనులో చెప్పింది. వాడికి ఇవ్వండి. క్లారినెట్ ఊదేచోట బిగించే రీడ్లు ఇక్కడి నుంచి పంపుతాను, మొదలుపెట్టేవాడికి రెండో నంబరు సరిపోతుందో, రెండున్నర కావాలో తెలియజేయండి.

ఇట్లు,
మీ కుమారుడు